పసుపు పట్టీ వేసిన తపసి చెట్లు

నా వయసు ముప్పై ఒకటి. రిటైరయ్యానని చెబితే మా అమ్మీ కూడా నవ్వుతుంది. చేసిన పనిలోకి మళ్ళీ అడుగు పెట్టనని నిశ్చయించుకుని బయటికి వచ్చినవాళ్ళను ఏమనాలో నాకు వేరే మాట తెలియదు. ఎనిమిదేళ్ళు దేవరకొండ అవతలి గుట్టల్లో చెట్లు కొలిచాను. అదే నా ఉద్యోగం.

మొన్న ఇద్దరు అమ్మాయిలు ఇంటికి వచ్చారు. డిగ్రీలో బాటనీ చదివారు, ఇలాంటి పనిలోనే చేరబోతున్నారు. "ఫీల్డుల ఎట్లుంటదక్కా, మేం ఏమేం నేర్చుకోవాలె?" అని అడిగారు. టీ ఇచ్చి, ఎలాంటి బూట్లు కొనాలో, పాము కనిపిస్తే ఏం చేయాలో, నీళ్ళ బాటిళ్ళు ఎన్ని మోయాలో చెప్పి పంపించాను. అసలు చెప్పాల్సింది చెప్పలేదు. వాళ్ళు గేటు దాటాక సిగ్గేసింది. పాప పడుకున్నాక కూర్చుని రాస్తున్నాను, మధ్యమధ్య లేచి దాని నుదురు పట్టి చూస్తూ. దానికి జ్వరం లేదు. నాకే ఈ అలవాటు పోలేదు.

పని ఏమిటంటే

ఆ అడవి సినిమాల్లో చూసే అడవి కాదు. మార్చి దాటితే అంతా బోడి కొమ్మలే. తునికి, మోదుగ, సీతాఫలం పొదలు, బండల మీద తెల్లగా మెరిసే తపసి చెట్లు. తపసి చెట్టుకు గాటు పెడితే బంక కారుతుంది. అది ఆరి గట్టిపడ్డాక కొనేవాళ్ళున్నారు. దాన్ని పట్టుకుని బతికే ఆడవాళ్ళు ఆ ఊళ్ళో చాలామంది. ఊరి పేరు రాయను.

ఊరివాళ్ళే సంఘంగా కూడి అడవిని నరక్కుండా, కాల్చకుండా కాపాడాలి. అట్లా పెరిగిన చెట్లు గాలిలోంచి ఎంత కార్బన్ పీల్చుకున్నాయో మా సంస్థ లెక్కగడుతుంది. ఆ లెక్కను బట్టి ఎక్కడో ఉన్న కంపెనీ ఊరికి డబ్బిస్తుంది. బంక, తునికాకు, సీతాఫలాలు ఎప్పటిలాగే ఊరివాళ్ళవే. వినడానికి ఎంత బాగుందో చూడండి. నాకు ఇప్పటికీ బాగానే ఉంటుంది.

మొదటి మీటింగులో నేనిదంతా చార్టు పెట్టి వివరించాను. అంతా విని లచ్చమ్మ లేచింది. యాభై దాటిన మనిషి, ఆ ఊళ్ళో బంక తీసేవాళ్ళందరికీ పెద్ద. "అంటే చెట్లు పీల్చిన గాలికి పైసలిస్తరన్నట్టు."

"అంతే పెద్దమ్మా."

"ఐతే మా ముసలోడు ఇడిసే గాలికి గూడ ఎంతో కొంత ఇప్పియ్యి బిడ్డా. రాత్రంత అదే పని."

మీటింగు అక్కడితో అయిపోయింది. సంఘం అధ్యక్షుడు యాదయ్య నవ్వాపుకోలేక కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. వాళ్ళు ఒప్పుకున్నది నా చార్టు చూసి కాదు, ఆ నవ్వులో ఒప్పుకున్నారు. కొత్తగా చేరేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. ఊరు మిమ్మల్ని చూసి సరే అంటుంది, మీ పథకాన్ని చూసి కాదు. తర్వాత పథకం దెబ్బతింటే మీరు మాట తప్పినట్టే.

ఇక కొలత. అడవిలో ప్రతి చెట్టునూ కొలవలేం. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూసినట్టు, అక్కడక్కడ చిన్న చిన్న చతురస్రాలు ఎంచుకుని వాటిలోని చెట్లనే ఏళ్ళ తరబడి కొలుస్తాం. వాటిని ప్లాట్లంటాం. ఆ మాట వినగానే ఊళ్ళో పెద్ద దుమారం లేచింది. శ్రీశైలం రోడ్డు వెంట ప్లాట్లంటే ఏమిటో అందరికీ తెలుసు. "అడవిల గూడ వెంచర్ ఏస్తుండ్రా మేడం? తూర్పు ఫేసింగుది నాకొకటి ఉంచుండ్రి" అని యాదయ్య చాలా రోజులు ఏడిపించాడు.

సున్నాతో ముగిసిన చెట్టు

నాకు పని నేర్పింది రఘు సారు. సంస్థలో కొలతలన్నిటికీ ఆయనే పెద్ద. మంచి గురువు. ఈ మాట ముందే రాస్తున్నాను, తర్వాత రాయబోయేది చదివి ఆయన్ని తేలిగ్గా తీసుకోకండి.

చెట్టు చుట్టుకొలత ఛాతీ ఎత్తు దగ్గర తీయాలి. "ఎవని ఛాతీ? యాదయ్యదా, నాదా? నాదైతే ఏండ్లకేండ్లు కిందికి దిగుతాంది" అంది లచ్చమ్మ. సారు నవ్వకుండా ఒక కర్ర కోయించి, దానిమీద గీత పెట్టి, అందరికీ అదే ఛాతీ అన్నాడు.

ఒకసారి ఒక చెట్టు మొదట్లో తేనెపట్టు ఉంది. దగ్గరికి పోలేక దూరం నుంచి అంచనా వేసి అంకె రాశాను. సాయంత్రం సారు కాగితం చూసి ఆ ఒక్క అంకె మీద వేలు పెట్టాడు. "ఇది కొలవలేదు."

ఎట్లా తెలిసిందని అడిగాను. "అంచనా వేసేవాళ్ళు సున్నాతోనో అయిదుతోనో ముగిస్తారమ్మా. చెట్టుకు ఆ మర్యాద తెలియదు" అన్నాడు. మరునాడు ప్లాటు మొత్తం మళ్ళీ కొలిపించాడు. తేనెపట్టు చెట్టుతో సహా. చెవి వాచింది. అబద్ధం అంకె రాయడం నా చేతికి మళ్ళీ రాలేదు.

పసుపు డబ్బా

పద్ధతి ప్రకారం ప్లాటు మూలల్లో ఇనుప మేకులు భూమిలోకి దిగగొట్టాలి, చెట్లకు చిన్న రేకు బిళ్ళలు తగిలించాలి. బయటివాళ్ళకు అక్కడ ప్లాటుందని తెలియకూడదు. ఎందుకు తెలియకూడదో చేతిపుస్తకంలో ఒక్క లైను ఉంది. నేను చదివాను కూడా.

కానీ ఆ గుట్టల్లో ఫోనులోని మ్యాపు ఒకచోట చూపిస్తే మేకు మరోచోట ఉండేది. ఒక్కో ప్లాటు వెతకడానికి పూటంతా పట్టేది. అప్పుడు నాకు ఏడో నెల. డాక్టరమ్మ బండలు ఎక్కొద్దంది. రోజూ ఎక్కుతున్నాను, రోజూ రాత్రి పొట్ట మీద చెయ్యి వేసుకుని కదలిక కోసం ఎదురుచూస్తున్నాను. నేను కాన్పుకు పోయాక ఎవరు వస్తారో, వాళ్ళకు ఇవి దొరుకుతాయో లేదోనని ఇంకో దిగులు.

దేవరకొండ బజారులో ఒక డబ్బా పసుపు ఆయిల్ పెయింటు కొన్నాను. ప్లాట్లలోని చెట్లన్నిటికీ నడుము ఎత్తున బెత్తెడు వెడల్పు పట్టీ వేయించాను. దూరం నుంచే మెరిసిపోయేవి. ఎవరినీ అడగలేదు. ఫోటోలు చూసి సారు "బాగున్నాయి, తేలిగ్గా దొరుకుతాయి" అన్నాడు.

ఇప్పుడు ఆలోచిస్తే, రంగు వేసిన మూడు రోజులూ లచ్చమ్మ నా వెంటే ఉంది. ఏదో అడిగింది. నేనేదో చెప్పాను. ఏమడిగిందో, ఏం చెప్పానో అప్పుడే మరిచిపోయాను. ఎండ, ఆయాసం, ఇంటికి ఎప్పుడు పోతానా అన్న ధ్యాస.

కొత్త రంగు

పాప పుట్టింది. నెలలు నిండకముందే పుట్టింది. ఏడాది పైన ఇల్లు కదల్లేదు. తర్వాత ఆఫీసులోనే కూర్చునే పని ఇచ్చారు. రంగు వేసిన మూడేళ్ళకు మళ్ళీ పూర్తిగా కొలవాల్సి వచ్చినప్పుడు, పాపను అమ్మీ దగ్గర వదిలి ఊరికి వెళ్ళాను.

ఊళ్ళో పండగలా ఎదురొచ్చారు. యాదయ్య మొదటి ప్లాటుకు తనే తీసుకుపోయాడు. దాని చుట్టూ ముళ్ళకంప నాటి ఉంది. లోపల మోదుగ మొలకలు మోకాలెత్తు లేచాయి. ఒక్క గొడ్డలి గాటు లేదు. కర్ర పెట్టి, టేపు చుట్టి కొలిచాను. ప్రతి చెట్టూ పెరిగింది. పదకొండు ప్లాట్లలో ఏడు కొలిచేసరికి, ఎనిమిదేళ్ళుగా చెప్పుకుంటూ వచ్చింది కళ్ళ ముందు నిజమైందనిపించింది. సిగ్నలు దొరికే బండ మీదికెక్కి సారుకు ఫోను చేసి చెప్పాను. ఆయన "నిజమా" అని రెండుసార్లు అడిగాడు.

ఎనిమిదో ప్లాటు గుట్ట చరియలో ఉంది. అంతా తపసి చెట్లే. తపసి బెరడు పలచని కాగితాల్లా రాలిపోతుంటుంది. కొన్నాళ్ళకు ఎంత రంగు వేసినా పొరతోపాటు ఊడిపోవాలి. అక్కడ పట్టీలు ఊడలేదు. మెరుస్తున్నాయి. వేలితో ముట్టుకున్నాను. పసుపే గానీ నేను వేసిన పసుపు కాదు, కొంచెం నారింజ వైపు పోయింది.

"మామా, ఈ రంగు ఎవరేసిండ్రు?"

"మేమే," అన్నాడు యాదయ్య గర్వంగా. "ఏటేటా దసరాకు ముంగట ఇంటింటికి అడిగి డబ్బ తెస్తున్నం. ఊడిపోతే నీకు దొర్కయి గదా."

"చుట్టూ కంప గూడ మీరే?"

"మరి మేకలు పోవా లోపటికి? నీ చెట్లను కంట్ల పెట్టుకోని కాపాడినం మేడం. ఎండలు ముదిరినప్పుడు రెండు ట్యాంకర్ల నీళ్ళు గూడ పోసినం. గవి జర రాసుకో."

నీ చెట్లు, అన్నాడు.

గుట్ట అవతల

లచ్చమ్మ ఇంటి దగ్గర లేదు. పత్తి ఏరడానికి మర్రిగూడ వైపు ఆటోలో పోతోందని కోడలు చెప్పింది. ఎప్పుడూ కూలికి పోని మనిషి. మోకాళ్ళు అంతంతమాత్రమే. సాయంత్రం ఆటో దిగి, చేతులతో నడుము పట్టుకుని వచ్చింది. మరునాడు కూలి మాని నాతో రమ్మన్నాను. ప్లాట్లకు కాదు, ప్లాట్లు లేని చోటికి.

ఎనిమిదో ప్లాటు దాటి గుట్ట మీదికెక్కి అవతలి వాలులోకి దిగాం. మూడేళ్ళ క్రితం ఆ వాలంతా చెట్లే. ఇప్పుడు తునికి మొద్దులు, మోదుగ మొద్దులు. తపసి చెట్లు మాత్రం నిలబడే ఉన్నాయి, ఎండిపోయి. ఒక్కోదానికి మొదట్నుంచి చెయ్యి అందినంత ఎత్తు దాకా గాట్లే. గాటు పక్కన గాటు, గాటు లోపల గాటు. కొన్నింటికి గొడ్డలితో చుట్టూ బెరడు ఒలిచేశారు.

నేను ఒక బండ మీద కూర్చుండిపోయాను.

"ఎవరు చేసిండ్రు పెద్దమ్మా?"

"మనోళ్ళే. ఇంకెవరొస్తరు?"

"నువ్వు గూడనా?"

"మొదటేడు నేను పద్ధతిగనే తీసిన. అరచెయ్యంత గాటు, ఒక్కొక్క చెట్టుకు ఒక్కటే. ఒక ఏడు తీస్తే ఒక ఏడు ఇడిసిపెట్టాలె. కానీ మంచి చెట్లన్ని నీ రంగు లోపల వడె, దాని చుట్టుపక్కల గూడ ఎవ్వల్ని పోనియ్యకపోయిరి. ఉన్న గీ కొన్నిటి మీదికే ఊరంత వచ్చె. నేను ఇడిసిపెడితే ఇంకోడు కొడ్తడు. నేను గూడ కొట్టిన. అబద్ధమెందుకు."

"రంగేసిన చెట్లకు బంక తీయొద్దని ఎవరు చెప్పిండ్రు? గుర్తు కోసం వేసింది గదా."

లచ్చమ్మ నా ముఖంలోకి చూసింది. కోపం లేదు. అదే భరించలేకపోయాను.

"నువ్వే చెప్పినవ్ గద బిడ్డా. రంగేసిన నాడు నిన్ను అడిగిన, వీటికి బంక తియ్యొచ్చా అని. ఇప్పుడైతే వద్దు పెద్దమ్మా, నేనొచ్చినంక చూద్దం అన్నవ్. నువ్వు రాకపోతివి."

మూడేళ్ళు ఆ మనిషి నేను వస్తానని ఎదురుచూసింది.

"ఫోను చేయకపోయినవా?"

"పురిటి పిల్లను పట్టుకోని ఉన్నవని మీ ఆఫీసోళ్ళంటిరి. పిల్ల బతుకుడే కష్టమన్నరంటిరి. అప్పుడు నీకు బంక ముచ్చట చెప్తమా?"

ఒకే మెతుకు పట్టి చూస్తామని తెలిసిపోయాక, వాళ్ళు ఆ మెతుకునే ఉడికించారు. కుట్రతో కాదు. వాళ్ళకు అడవి చెట్టు మీద రంగంటే ఒకటే అర్థం. సర్కారు లెక్కలోకి ఎక్కిన చెట్టు. దాన్ని ముట్టుకుంటే కేసవుతుంది. తాతల కాలం నుంచి వాళ్ళకు అడవిశాఖ నేర్పిన పాఠం అది. దాని మీద నా మీది అభిమానం కలిసింది. సాయంత్రం యాదయ్యను అడిగితే అతని జవాబు ఇది: "పిల్లను చూసుకుందామని వస్తే కట్టెలు పేర్చిన కొట్టంల కూసోబెడ్తమా మేడం? ఊడ్చిన అర్రల కూసోబెడ్తం. నువ్వు చూసే జాగలను మంచిగ ఉంచినం. కట్టెలకు ఎటో దిక్కు పోవాలె గదా."

నాకు ఎవరూ అబద్ధం చెప్పలేదు. వాళ్ళు నాకు ప్లాట్లు చూపించారు, నేను ప్లాట్లనే చూశాను.

ఫోనులో సారు

బండ మీదికెక్కి సారుకు మళ్ళీ చేశాను. అంతా చెప్పాను. సారు మెల్లగా అన్నాడు. "ప్లాట్లలో నువ్వు రాసిన కొలతలు తప్పా?"

"కాదు సార్."

"మరి వాటినే పంపించు. బయట ఏముందని మనల్ని ఎవరూ అడగలేదు."

ఒక్క చెట్టు కోసం ప్లాటు మొత్తం మళ్ళీ కొలిపించిన మనిషి. ఆయన చెడ్డవాడని ఇప్పటికీ అనను. "ఎనిమిదేళ్ళమ్మా. ఇప్పుడు ఆగితే ఆ ఊరికి ఏమీ రాదు. నష్టం నీకూ నాకూ కాదు" అన్నాడు. ఆయన చెప్పింది నిజం. నిజాయితీపరుడు తప్పు చేయడానికి సిద్ధపడినప్పుడు పక్కన ఎప్పుడూ ఒక నిజం ఉంటుంది, జాగ్రత్తగా చూడండి.

మరునాడు సంఘాన్ని కూర్చోబెట్టాను. రంగు వేసింది నా తప్పని, అవతలి వాలు సంగతి కూడా రిపోర్టులో రాస్తానని చెప్పాను. యాదయ్య లేచాడు.

"అంటే మేం దొంగలం."

"అట్ల అనలేదు మామా."

"ఇంకెట్లంటరు? గీత నువ్వు గీసినవ్. మేం గీత దాటలే. నీళ్ళు మోసినం. ఇయ్యాల వచ్చి మొత్తం తప్పుల వడ్డదంటవు."

"తప్పు నాది."

"తప్పు నీది, పోయేది మాది. మంచిగున్నది లెక్క."

వెనక నుంచి ఒకరు, "మేడమ్ ఏడ చూసిందో గదే రాయనీయరాదు, ఎవనికి తెలుస్తది" అన్నారు. చాలా తలలు ఊగాయి. నేను లచ్చమ్మ వైపు చూశాను. ఆమె మాట్లాడితే బాగుండునని ఆశపడ్డాను. ఆమె నేల చూస్తూ కూర్చుంది. ఆమెకు కూడా ఆ డబ్బు కావాలి. కావాలనే కదా మూడేళ్ళు రంగేసిన చెట్ల మీద చెయ్యి వేయకుండా ఉంది.

రాశాను. వాళ్ళు ఒప్పుకుని కాదు, ఒప్పుకోకపోయినా రాశాను. సంస్థ ఆ ఊరిని పథకం నుంచి తీసేసింది. యాదయ్య నాతో మాట్లాడటం మానేశాడు. దేవరకొండలో ఎదురైతే అవతలి పక్కకు దాటుతాడు. రఘు సారు నా రిపోర్టు మీద సంతకం పెట్టాడు, ఒక్క అక్షరం మార్చలేదు. తర్వాత నాకు ఫోను చేయలేదు. నేను చేసింది సరైనదే అనుకుంటున్నాను. సరైన పని చేస్తే మనసు తేలికవుతుందని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి.

చివరి పని

రాజీనామా ఇచ్చిన నెలకు లచ్చమ్మ ఫోను చేసింది. పథకం పోయింది కాబట్టి ఎనిమిదో ప్లాటు తపసి చెట్లకు ఇక బంక తీసుకోవచ్చని ఆడవాళ్ళంతా అనుకున్నారట. వంతులు వేసుకున్నారట, ఒక ఏడు తీసినదాన్ని ఇంకో ఏడు వదలాలని. మొదటి గాటు లచ్చమ్మ పెట్టాలని పంపించారట.

"పోయి నిలవడ్డ బిడ్డా. చెయ్యి లేస్తలేదు. రంగు అడ్డమొస్తాంది. నవ్వకు."

నేను నవ్వలేదు. మరునాడు పొద్దున్నే బస్సెక్కాను. పాప ఏడుస్తుంటే అమ్మీ చేతుల్లో పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళాను.

చరియలో మేమిద్దరమే. కొడవలి మొనతో నేను పట్టీలు గీకడం మొదలుపెట్టాను. తపసి బెరడు మెత్తన, కాగితంలా చుట్టలు చుట్టుకుని రంగుతోపాటు ఊడి వచ్చింది. లోపల లేత ఆకుపచ్చగా కనిపించింది. మూడేళ్ళ రంగు, పొర మీద పొర. లోతుగా పోకుండా ఒక్కో చెట్టు గీకడానికి చాలాసేపు పట్టింది. లచ్చమ్మ సాయం చేయలేదు. బండ మీద కూర్చుని చూసింది. "గా మూలకు ఇంకింత ఉంది" అని చూపించింది. మధ్యాహ్నానికి నా అరచేతులు బొబ్బలెక్కాయి. ఆమె సద్ది విప్పి జొన్నరొట్టె సగం ఇచ్చింది. ఇద్దరం తిన్నాం.

ఎండ వాలేసరికి అన్నీ అయిపోయాయి. లచ్చమ్మ లేచి చెట్ల మధ్య తిరిగింది. ఒకదాని మీద అరచెయ్యి ఆనించి, ఆ చెయ్యంత జాగా కొలిచి చూసుకుంది. ఉలి పెట్టి ఒకటే గాటు వేసింది. లోతుగా కాదు. బెరడు కింద తడి మెరిసింది, అంతే. ఏమీ కారలేదు. నేను వంగి చూస్తూ నిలబడ్డాను.

"అట్ల చూస్తే రాదు," అంది. "చెట్టుకు తెల్వాలె గదా, దెబ్బ తాకిందని. రేపో ఎల్లుండో వస్తది. నువ్వు పో. బస్సు పోతది, పిల్ల ఏడుస్తుంటది."

"వచ్చిందో లేదో ఫోను చెయ్యి పెద్దమ్మా."

ఆమె ఉలి కొంగుతో తుడుచుకుంది.

"చెయ్య," అంది. "నీకు తెల్వాల్నంటే నువ్వొచ్చి చూడు."